ఆగస్టు 30, 2025, కొలంబస్, అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్: ఒహాయో స్టేట్ ముందు మన టెక్సాస్ లైన్ నిలబడుతుందా?

ఆర్లింగ్టన్_శ్రీను
ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్) ర్యాంకింగ్స్ చూశారు కదా, మనమే నంబర్ వన్. సీజన్ మొదలవకముందే మొదటి స్థానం రావడం టెక్సాస్ చరిత్రలో ఇదే మొదటిసారి. సంతోషమే. కానీ ఆ ర్యాంకుతో మొదటి ఆటకే కొలంబస్ వెళ్లాలి, అదీ నిరుటి చాంపియన్ల సొంత గడ్డ మీదికి. జనవరి 10న కాటన్ బౌల్‌లో, అంటే ప్లేఆఫ్ సెమీఫైనల్లో, మనల్ని 28-14తో ఓడించినవాళ్లు వీళ్లే. ఆ రోజు నేను స్టేడియంలోనే ఉన్నాను. ఇప్పటికీ మింగుడు పడలేదు.

అందరూ మన కొత్త క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆటని నడిపేవాడు) ఆర్చ్ మ్యానింగ్ గురించే మాట్లాడుతున్నారు. నా టెన్షన్ అంతా అతనికి ముందు నిలబడి కాపాడే అఫెన్సివ్ లైన్ గురించి. ఐదుగురిలో నలుగురు వెళ్లిపోయారు: బ్యాంక్స్, కానర్, మేజర్స్, కామెరన్ విలియమ్స్. మిగిలింది డీజే క్యాంప్‌బెల్ ఒక్కడే. లక్ష మంది అరుస్తుంటే ఈ కొత్త లైన్ తట్టుకుంటుందా? రెండో సంగతి, ఓడిపోతే ప్లేఆఫ్ మీద ఎంత దెబ్బ పడుతుంది? మూడోది, నాకు టికెట్ దొరికింది. మన బర్న్‌ట్ ఆరెంజ్ చొక్కాతో అక్కడ కూర్చుంటే ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లు చెప్పండి.

నాలుగో_డౌన్
కాటన్ బౌల్ మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నా. 21-14 దగ్గర ఉన్నాం, చివరి నిమిషాలు. ఫస్ట్ అండ్ గోల్, అంటే గోల్ లైన్ దాటడానికి నాలుగు ప్రయత్నాలు (డౌన్‌లు), బంతి ఒక్క యార్డ్ దూరంలో ఉంది. మొదటి డౌన్‌లో గిబ్సన్‌కిచ్చారు, ఏమీ రాలేదు. సరే. రెండో డౌన్‌లో బంతి పక్కకి విసిరి పరిగెత్తించే టాస్ ఎందుకు? విస్నర్ ఏడు యార్డ్‌లు వెనక్కి పడ్డాడు. మూడోది ఇన్‌కంప్లీట్. నాలుగో డౌన్‌లో వాళ్ల సాయర్ వచ్చి అప్పటి మన క్వార్టర్‌బ్యాక్ ఎవర్స్ చేతిలోంచి బంతి ఊడగొట్టి 83 యార్డ్‌లు పరిగెత్తాడు. ఎవర్స్ ఒహాయో స్టేట్‌లో ఉన్నప్పుడు వాళ్లిద్దరూ కొలంబస్‌లో ఒకే గదిలో ఉన్నవాళ్లు, అది ఇంకో బాధ. ఆ టాస్ పిలిచిన మన కోచ్ సార్కిసియనే ఇప్పుడూ ప్లేలు పిలుస్తాడు. లైన్ ఎవరున్నా ఏం లాభం?

ఆస్టిన్_పెదబాబు
తమ్ముడూ, ఆ ఒక్క ప్లే పట్టుకుని ఏడు నెలల నుంచి ఇదే పాట పాడుతున్నావు. నేను 2005లో కొలంబస్ స్టేడియంలో ఉన్నవాణ్ణి. 22-16తో వెనకబడి ఉన్నప్పుడు మన క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ వేసిన బంతిని లైమస్ స్వీడ్ ఎండ్ జోన్‌లో పట్టుకోవడం కళ్లారా చూశాను. ఆ తర్వాత సేఫ్టీతో (వాళ్లని వాళ్ల ఎండ్ జోన్‌లోనే పడగొడితే వచ్చే రెండు పాయింట్లతో) 25-22 అయింది. ఆ ఏడాది టైటిల్ మనదే. కాబట్టి అక్కడ గెలవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఇక టాస్ సంగతి. మధ్యలోంచి పరిగెత్తిస్తే ఏమీ రాదని మొదటి డౌన్‌లోనే తేలిపోయింది. టైలీక్ విలియమ్స్, టై హామిల్టన్ లోపల గోడ కట్టేశారు. గోడ ఉన్నప్పుడు పక్కనుంచి పోవడమే తెలివైన పని. అంచున బ్లాకింగ్ తప్పింది, అంతే. కోచ్ తప్పు కాదు.

నాలుగో_డౌన్
పెదబాబు గారూ, ఒక్క యార్డ్ కావాలి. క్వార్టర్‌బ్యాక్ తనే బంతితో ముందుకి తోసుకెళ్లే స్నీక్ అనేది ఒకటుంది. బెంచీ మీద ఆరడుగుల నాలుగంగుళాల ఆర్చ్ కూర్చుని ఉన్నాడు, పొట్టి దూరాలకి అతన్ని అంతకుముందు వాడారు కూడా. మీరు 2005లో ఎక్కడ కూర్చున్నారో నాకు అనవసరం.

ప్లేనో_పద్మ
మీ గొడవ తర్వాత చూసుకుందురు గానీ, నాదొక సమస్య. చవితి 27, బుధవారం. మా కమ్యూనిటీ వాళ్లు నిమజ్జనం ఊరేగింపు శనివారం పొద్దున పదకొండింటికి పెట్టారు. ఆట మన టైమ్ ప్రకారం సరిగ్గా పదకొండుకే. మా అబ్బాయి యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్)లో చదువుతున్నాడు, అమ్మాయి ఈ నెలలోనే ఒహాయో స్టేట్‌లో చేరింది. ఇంట్లో ఒకరు బర్న్‌ట్ ఆరెంజ్, ఒకరు స్కార్లెట్. ఈ ఆట చూడకుండా నేను డప్పుల దగ్గర నిలబడలేను. ఎవరికైనా కమిటీతో పరిచయం ఉంటే టైమ్ మార్పించండి.

లైన్_రవి
శ్రీను అన్నా, మీ మొదటి ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. హైస్కూల్‌లో మా అబ్బాయి గార్డ్ ఆడతాడు, ఈ సంగతులు వాళ్ల కోచ్ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను.

లైన్ మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డ్‌లు, చివర్లలో టాకిల్స్ ఉంటారు. సెంటర్ బంతిని వెనక్కి ఇవ్వడాన్ని స్నాప్ అంటారు. అరుపుల్లో క్వార్టర్‌బ్యాక్ అరిచే స్నాప్ కౌంట్ వినపడదు కాబట్టి సైలెంట్ కౌంట్ వాడతారు. క్వార్టర్‌బ్యాక్ సిద్ధమని సైగ చేస్తే, గార్డ్ వెనక్కి తిరిగి చూసి సెంటర్‌ని తడతాడు. సెంటర్ తల ఎత్తి, మనసులో ఒక లెక్క పెట్టుకుని బంతి ఇస్తాడు. టాకిల్స్ ఇద్దరూ బంతి కదలడం చూసి కదలాలి. అంచు నుంచి దాడి చేసే అవతలి డిఫెన్సివ్ ఎండ్ కూడా అదే బంతిని చూస్తుంటాడు. అంటే మామూలుగా అఫెన్స్‌కి ఉండే ఆ అర క్షణం లాభం పోతుంది. అందుకే సొంత స్టేడియంలో బాగా ఆడిన టాకిల్ బయట తడబడతాడు. ఎప్పుడూ ఒకే లెక్కకి స్నాప్ ఇస్తే అవతలివాడు రెండో క్వార్టర్‌కల్లా పసిగట్టేస్తాడు. అందుకని లెక్క మార్చి మార్చి ఇవ్వాలి. కొత్తవాళ్లకి కష్టమైన పని అది.

మనవాళ్లు పూర్తిగా పసివాళ్లేం కాదు. లెఫ్ట్ టాకిల్ గూస్బీ పోయిన డిసెంబర్‌లో ఎస్‌ఈసీ (మన లీగ్) ఫైనల్లో బ్యాంక్స్ లేనప్పుడు జార్జియా మీద ఆడాడు. హట్సన్ 2022లో ఫ్రెష్‌మన్‌గానే గార్డ్‌గా ఆడాడు, ఇప్పుడు సెంటర్‌కి మారాడు. నాకు అనుమానం కుడి టాకిల్ దగ్గరే.

అవతల కూడా చూడండి. వాళ్ల డిఫెన్సివ్ లైన్‌లో నలుగురికి నలుగురూ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి (ప్రొఫెషనల్ లీగ్‌కి) పోయారు: సాయర్, టుయిమొలొవా, విలియమ్స్, హామిల్టన్. మన కొత్త లైన్ ఎదురుగా ఉన్నది కూడా కొత్త లైనే.

డబ్లిన్_ఒహాయో
కొలంబస్ పక్కనే ఉంటాను, బక్‌ఐ (ఒహాయో స్టేట్) మనిషిని. రవి గారు బాగా చెప్పారు. మా జట్టు నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (ఆటగాళ్ల ఎంపికలో) 14 మంది వెళ్లారు. విల్ హోవర్డ్ లేడు, హెండర్సన్, జడ్కిన్స్ లేరు, ఎగ్‌బుకా లేడు. క్వార్టర్‌బ్యాక్‌గా జూలియన్ సేయిన్‌ని ప్రకటించారు. ఇదే అతని మొదటి స్టార్ట్. కానీ రిసీవర్ (పాస్‌లు పట్టేవాడు) జెరెమియా స్మిత్ ఉన్నాడు, డిఫెన్స్‌లో కేలబ్ డౌన్స్ ఉన్నాడు. ఒక సంగతి ఒప్పుకోవాలి, కాటన్ బౌల్‌లో స్మిత్‌కి మీవాళ్లు ఒక్క క్యాచ్, మూడు యార్డ్‌లు మాత్రమే ఇచ్చారు. అతన్ని అలా కట్టేసినవాళ్లు ఆ సీజన్‌లో ఇంకెవరూ లేరు. అయితే ఆ సెకండరీకి (పాస్‌లు ఆపే వెనక వరసకి) పెద్ద దిక్కు జాడే బారన్, ఇప్పుడతను డెన్వర్ బ్రాంకోస్‌లో ఉన్నాడు.

మాకున్న పెద్ద ప్రశ్న మ్యాట్ పట్రీషియా. పాత డిఫెన్స్ కోచ్ నోల్స్ పెన్ స్టేట్‌కి వెళ్లిపోయాక డిఫెన్స్ ఇతని చేతికిచ్చారు. పేట్రియట్స్‌లో సూపర్ బౌల్స్ చూసినవాడు, లయన్స్‌కి హెడ్ కోచ్‌గా చేసినవాడు. కానీ కాలేజ్ ఆటలో ఇన్నేళ్లుగా లేడు. ఏం చేస్తాడో మీకూ తెలియదు, మాకూ తెలియదు.

ఖమ్మం_టు_కాలేజ్‌స్టేషన్
ఒక్క ఆట కూడా ఆడకుండా నంబర్ వన్. ఆర్చ్ ఇంతవరకు స్టార్ట్ చేసింది రెండంటే రెండు ఆటలు, లూసియానా మన్రో, మిసిసిపి స్టేట్. రెండూ ఆస్టిన్‌లోనే. మ్యానింగ్ కుటుంబంలో ఇంతకుముందు పెద్ద క్వార్టర్‌బ్యాక్‌లున్నారు కదా, ఆ ఇంటిపేరు చూసి ఓటేశారు, ఇంకేముంది?

ఫ్రిస్కో_కిరణ్
పోయినేడు యూటీఎస్‌ఏ ఆటలో ఎవర్స్ దెబ్బ తగిలి బయటికి పోయాక ఆర్చ్ నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు, 67 యార్డ్‌లు పరిగెత్తి ఇంకోటి చేశాడు. అది ఇంటిపేరు చేసిందా? పోయిన నవంబర్‌లో మీ ఏ అండ్ ఎమ్ స్టేడియం కైల్ ఫీల్డ్‌లోనే 17-7తో ఓడించాం. అప్పుడు ఎక్కడున్నావు?

ఖమ్మం_టు_కాలేజ్‌స్టేషన్
అక్కడే ఉన్నా. నవంబర్ 28న ఆస్టిన్‌లో కూడా ఉంటా. అప్పటికి మీరెన్ని ఓడి ఉంటారో చూద్దాం.

నిర్వాహకుడు
ఏ అండ్ ఎమ్ గొడవకి వేరే చర్చ ఉంది. ఇక్కడ ఒహాయో స్టేట్ గురించి మాట్లాడండి.

రాజమండ్రి_రాధ
పద్మ గారూ, శనివారం అంటే 30. చవితి నుంచి లెక్కపెడితే నాలుగో రోజు. సరి రోజున నిమజ్జనం ఏమిటండీ? మూడో రోజు, అయిదో రోజు, తొమ్మిదో రోజు చేస్తారు. అయిదో రోజు ఆదివారం వస్తుంది. శాస్త్రానికీ సరిపోతుంది, ఆటకీ అడ్డు రాదు. కమిటీకి ఈ మాట చెప్పండి, కాదనలేరు.

ఫ్రిస్కో_కిరణ్
అమెరికాలో హాల్ ఎప్పుడు దొరికితే అప్పుడే పండగ, ఇక్కడ సరి బేసి ఎవరు చూస్తున్నారండీ. మా దగ్గరైతే చవితి పూజ కూడా వీకెండ్‌లోనే చేస్తారు.

రాజమండ్రి_రాధ
మీరు చూడకపోతే చూడకండి. చూసేవాళ్లం ఉన్నాం. లేబర్ డే వారాంతం, సోమవారం కూడా సెలవే, ఆదివారం పెట్టుకోవడానికి ఏం కష్టం?

ప్లేనో_పద్మ
రాధ గారూ, మంచి మాట చెప్పారు. ఈ రాత్రే కమిటీ గ్రూప్‌లో పెడతాను.

డీసీ_కాదు_ఓసీ
నాలుగో_డౌన్ బ్రో, టాస్ గురించి మీతో ఏకీభవిస్తాను, కానీ ఆట అక్కడ పోలేదు. 7-7 చేశాం. హాఫ్‌టైమ్‌కి అర నిమిషం కూడా లేదు. తర్వాతి ప్లేలోనే హెండర్సన్‌కి స్క్రీన్ పాస్ (ముందు బ్లాకర్లని పెట్టి ఇచ్చే చిన్న పాస్), 75 యార్డ్‌లు, టచ్‌డౌన్. క్వార్టర్‌బ్యాక్ మీదికి అదనంగా మనుషుల్ని పంపి బ్లిట్జ్ వేసిన డిఫెన్స్ మీద స్క్రీన్ వేస్తే ఇదే అవుతుంది. ఆ ఏడు పాయింట్లు లేకపోతే నాలుగో క్వార్టర్ లెక్కే వేరు.

నాలుగో_డౌన్
స్క్రీన్ వల్ల వెనకబడ్డాం, టాస్ వల్ల ఓడాం. వెనకబడినవాడు లేచి నిలబడొచ్చు. గోల్ లైన్ దగ్గరికి వచ్చినవాడు దాటాలి.

ఆస్టిన్_పెదబాబు
రెడ్ జోన్ (గోల్ లైన్ ముందు చివరి 20 యార్డ్‌లు) గురించి నాకు పాఠాలు చెప్పొద్దు. నేను ఈ జట్టుని పాత కోచ్ మ్యాక్ బ్రౌన్ రోజుల నుంచి ప్రతి ఆటా రికార్డ్ చేసి, ఆపి ఆపి చూస్తాను. చార్లీ స్ట్రాంగ్, టామ్ హెర్మన్ కాలంలో మేం పడ్డ బాధ మీరు చూడలేదు. సార్కిసియన్ 2023లో అలబామాకి వెళ్లి 34-24తో గెలిచాడు. పోయిన సెప్టెంబర్‌లో ఆన్ ఆర్బర్ వెళ్లి మిషిగన్‌ని 31-12తో కొట్టాడు. మిషిగన్ అప్పుడు ఎవరు? డిఫెండింగ్ నేషనల్ చాంపియన్! చాంపియన్ల స్టేడియంలో గెలవడం ఈ కోచ్‌కి కొత్త కాదు. ఆ ఒక్క టాస్ కోసం ఇదంతా చెరిపేస్తారా?

డబ్లిన్_ఒహాయో
మిషిగన్‌తో పోల్చకండి. ఆ జట్టుకి కోచ్ హార్బా పోయాడు, క్వార్టర్‌బ్యాక్ మెకార్తీ పోయాడు. మాకు కోచ్ రయన్ డే ఉన్నాడు, అఫెన్స్ నడిపే హార్ట్‌లైన్ ఉన్నాడు.

ఫ్రిస్కో_కిరణ్
ఆ రయన్ డేనే కదా మిషిగన్ చేతిలో వరసగా నాలుగేళ్లు ఓడింది?

డబ్లిన్_ఒహాయో
అవును, ఓడాడు. ఆ నాలుగోది 13-10, మా సొంత స్టేడియంలో. ఆ రాత్రి ఈ ఊళ్లో కోచ్‌ని తీసేయమని అడగని మనిషి లేడు. నేనూ అడిగాను. ఆ తర్వాత ప్లేఆఫ్‌లో టెనెసీని 42-17, ఒరెగాన్‌ని 41-21, మిమ్మల్ని 28-14, నోటర్ డేమ్‌ని 34-23. ఆ నాలుగు ఆటల తర్వాత నేనిక అతన్ని ఒక్క మాట కూడా అనను. మీ కోచ్ విషయంలో మీరూ కాస్త ఓపిక పట్టండి అనే చెప్తున్నాను.

కూకట్‌పల్లి_లాంగ్‌హార్న్
యూటీలో మాస్టర్స్ చేసి హైదరాబాద్ తిరిగొచ్చేశాను. తెల్లవారుజామున అలారం పెట్టుకుని చూడటం అలవాటైపోయింది. ఈసారి కొలంబస్‌లో మధ్యాహ్నం పన్నెండంటే మనకి రాత్రి తొమ్మిదిన్నర! ఇంత మంచి టైమ్‌కి టెక్సాస్ ఆట దొరకడం ఎంత అరుదో మీకు తెలియదు. ఇక్కడ లైవ్ ఎక్కడ వస్తుందో ఎవరైనా చెప్పగలరా?

డీసీ_కాదు_ఓసీ
పన్నెండు గంటల ఆట ఎవరికి మంచిది? ఇంత పెద్ద ఆటని రాత్రి పెట్టాలి. ఆగస్టు ఎండలో స్టేడియం మాడిపోతుంది. టీవీ వాళ్ల సౌకర్యం కోసం చేసిన పని ఇది.

డబ్లిన్_ఒహాయో
ఇది మాత్రం వంద శాతం నిజం. ఇక్కడ అందరూ ఇదే తిట్టుకుంటున్నారు. రాత్రి ఆటలో ఆ స్టేడియం ఎలా ఉంటుందో చూసినవాళ్లకి తెలుసు. అయినా పొద్దున టీవీ షో గేమ్‌డే ఇక్కడి నుంచే, దాని పెద్దాయన లీ కోర్సోకి అదే చివరి షో. గెలుస్తుందనుకున్న జట్టు మస్కట్ తల ఆయన మొట్టమొదట పెట్టుకుంది కూడా 1996లో కొలంబస్‌లోనే. ఆ ఒక్క కారణానికైనా తెల్లారకముందే వెళ్తాను.

ఆస్టిన్_పెదబాబు
కోర్సో గారు మన తల పెట్టుకుంటే బాగుండు.

లైన్_రవి
రెండో ప్రశ్న కూడా మిగిలిపోయింది. ఓడితే ఏమవుతుంది? 12 జట్ల ప్లేఆఫ్ వచ్చాక ఒక్క ఓటమితో ఏమీ కాదంటున్నారు. ఒహాయో స్టేట్ పోయినేడు రెండు ఓడి, బిగ్ టెన్ (వాళ్ల లీగ్) ఫైనల్‌కి కూడా రాకుండా టైటిల్ కొట్టింది, నిజమే. కానీ మన షెడ్యూల్ చూడండి. అక్టోబర్ 4న ఫ్లోరిడా వెళ్లాలి, వారం తిరగ్గానే డాలస్‌లో ఓక్లహోమా. నవంబర్ 15న జార్జియా వెళ్లాలి. పోయినేడు మనం ఓడిన మూడింటిలో రెండు జార్జియా చేతిలోనే. ఆఖర్న ఏ అండ్ ఎమ్. ఆగస్టులోనే ఒకటి పోతే, ఈ నాలుగింటిలో ఇంకొక్కటి పోవచ్చు, అంతే. రెండు పోతే మూడు ఓటములతో ప్లేఆఫ్ జట్లని ఎంచే కమిటీ ముందు నిలబడాలి. అప్పుడు మేం కొలంబస్ వెళ్లి ఓడాం, తేలిక జట్టుతో కాదు అని వాదించుకోవాలి. ఆ వాదన కమిటీ వింటుందని నాకు నమ్మకం లేదు.

మెంఫిస్_మధు
అసలిలాంటి ఆటలు ఎందుకు ఒప్పుకుంటారు? మొదటి వారం ఏ చిన్న జట్టుతోనో ఆడుకుంటే కొత్త క్వార్టర్‌బ్యాక్‌కి, కొత్త లైన్‌కి కుదురుకునే టైమ్ దొరుకుతుంది. శాన్ హోసే స్టేట్, యూటెప్, సామ్ హ్యూస్టన్, ఈ మూడూ ఒహాయో స్టేట్ తర్వాత ఉన్నాయి. ముందు ఉండాల్సింది.

నాలుగో_డౌన్
ఇది మాత్రం ఒప్పుకోను. పిల్లలు అక్కడ చదివేది నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో చిన్న జట్ల మీద 52-3 ఆటలు చూసి ఏం గుర్తుపెట్టుకుంటారు? నేను చదువుకున్నప్పుడు 2006లో ఇదే ఒహాయో స్టేట్ నంబర్ వన్‌గా ఆస్టిన్ వచ్చింది. 24-7తో ఓడాం. ఆ రాత్రి ఓడినా, ఆ స్టేడియంలో నిలబడినందుకు ఇప్పటికీ గర్వపడతాను. వచ్చే ఏడాది వాళ్లు మళ్లీ ఆస్టిన్ వస్తున్నారు. కమిటీకి భయపడి ఇలాంటి ఆటలు మానేస్తే కాలేజ్ ఫుట్‌బాల్‌లో చూడటానికి ఏం మిగులుతుంది?

మెంఫిస్_మధు
గర్వంతో ప్లేఆఫ్‌కి వెళ్లలేరు. రవి గారి లెక్క చదవండి.

నాలుగో_డౌన్
చదివాను. ఆ లెక్క తప్పని నేను అనలేదు. ఆ లెక్క ఉంది కాబట్టి ఆడకూడదని మీరంటున్నారు, దానికే ఒప్పుకోనంటున్నాను.

డీసీ_కాదు_ఓసీ
కిక్కర్ గురించి ఎవరూ ఎత్తలేదేం? పోయిన ప్లేఆఫ్‌లో అరిజోనా స్టేట్ మీద చివర్లో రెండు ఫీల్డ్ గోల్స్ పోయి, ఆట రెండు ఓవర్‌టైమ్‌ల దాకా వెళ్లింది. ఇప్పుడు టెక్సాస్ స్టేట్ నుంచి షిప్లీని తెచ్చుకున్నాం. నా అంచనా ప్రకారం ఈ ఆట 17, 20 పాయింట్ల దగ్గర తేలుతుంది. అలాంటప్పుడు మూడు పాయింట్లు బంగారం.

ఆస్టిన్_పెదబాబు
17, 20 ఏమిటి? 31-20, మనమే. రాసిపెట్టుకోండి.

డబ్లిన్_ఒహాయో
ఓసీ గారు చెప్పినట్టే తక్కువ స్కోరు ఆట. రెండు వైపులా కొత్త క్వార్టర్‌బ్యాక్‌లు, రెండు వైపులా గట్టి డిఫెన్స్. మీకు కోలిన్ సిమన్స్, ఆంథనీ హిల్, టాఫ్. మాకు డౌన్స్, సానీ స్టైల్స్. మా కోచ్ సేయిన్ చేత మొదటి ఆటలో ఎక్కువ రిస్క్ చేయించడని నా నమ్మకం. బంతి పరుగులతో నెడతాడు, ఆర్చ్ చేత తప్పు చేయిస్తాడు.

శ్రీను గారూ, మీ చొక్కా ప్రశ్నకి జవాబు: వేసుకుని రండి. అరుస్తారు, మీ చేతి గుర్తుని తిరగేసి హార్న్స్ డౌన్ చూపిస్తారు, అంతకు మించి ఏమీ ఉండదు. నేను ఇంకో ఊళ్లో, ఇంకో స్టేడియంలో మా స్కార్లెట్ చొక్కా వేసుకున్నందుకు ఒళ్లంతా బీరు పోయించుకున్నాను, కాబట్టి తేడా తెలిసి చెప్తున్నాను. బ్యాగ్ మాత్రం లోపల ఉన్నది కనపడే ప్లాస్టిక్‌దే తెచ్చుకోండి. పొద్దున మా తెలుగువాళ్లు కొందరం టెయిల్‌గేట్ (ఆటకి ముందు స్టేడియం బయట విందు) పెడుతున్నాం, పులిహోర, చికెన్ వేపుడు ఉంటాయి. ఏ రంగు చొక్కా అయినా రావచ్చు.

ఫ్రిస్కో_కిరణ్
టికెట్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. నేను ఒక రీసేల్ సైట్‌లో కొన్నాను, డబ్బు కట్టాక అమ్మినవాడు రద్దు చేశాడు. ఇప్పుడున్న రేటుకి మళ్లీ కొనలేను. కొనేవాళ్లు టికెట్ ఫోన్‌లోకి ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా విమానం బుక్ చేయకండి.

ఆర్లింగ్టన్_శ్రీను
డబ్లిన్ గారూ, తప్పకుండా వస్తాను, మా ఆవిడ కూడా వస్తుంది. కిరణ్, నాకు మెసేజ్ పెట్టు, మా గ్రూప్‌లో ఒకతనికి ఆఫీసు పని పడి రాలేకపోవచ్చు. రవీ, కుడి టాకిల్ అనుమానం అన్నావు. ఆ పక్కకి టైట్ ఎండ్‌ని (బ్లాక్ చేస్తూ పాస్ కూడా పట్టేవాణ్ణి) పెట్టి సాయం చేయించొచ్చు కదా? కాల్ (కాలిఫోర్నియా యూనివర్సిటీ) నుంచి వచ్చిన ఎండ్రీస్ ఉన్నాడుగా.

లైన్_రవి
చేయొచ్చు అన్నా, కానీ ఎండ్రీస్‌ని తెచ్చుకున్నది పాస్ పట్టడానికి. అతన్ని లైన్‌లో కట్టేస్తే ఆర్చ్‌కి ఒక దారి తగ్గుతుంది. దానికంటే మొదటి రెండు డ్రైవ్‌లలో బంతి వేగంగా బయటికి వదిలేయాలి, రిసీవర్ వింగోకి చిన్న పాస్‌లు, పక్కకి స్క్రీన్‌లు. రష్ చేసేవాళ్లు అలిసిపోయాక లోతైన పాస్‌లు చూసుకోవచ్చు. మూడో డౌన్‌లో ఏడెనిమిది యార్డ్‌లు మిగిలే పరిస్థితి తెచ్చుకున్నామంటే పట్రీషియా ఏం దాచాడో అప్పుడు బయటికి తీస్తాడు.

నాలుగో_డౌన్
ఒక యార్డ్ మిగిలితే?

లైన్_రవి
స్నీక్. ఆర్చ్ చేతే. ఈ విషయంలో నేను నీ వైపే.

ఆస్టిన్_పెదబాబు
గోల్ లైన్ దగ్గర స్నీక్‌కి వాళ్లు కాచుకునే ఉంటారు, ఏడుగురిని మధ్యలో నిలబెడతారు. రేపు ఆ ప్లే వీడియో మళ్లీ చూసి, ఎవరు ఎక్కడ బ్లాక్ చేయాలో ఒక్కొక్కరి గురించీ రాస్తాను.

నాలుగో_డౌన్
రాయండి. నేనూ చూసే ఉంటాను.

ప్లేనో_పద్మ
కమిటీ ఒప్పుకుంది, నిమజ్జనం ఆదివారం సాయంత్రం నాలుగింటికి మారింది. రాధ గారికి చాలా థాంక్స్. శనివారం మా ఇంట్లో పెద్ద టీవీ పెడుతున్నాం, ప్లేనో చుట్టుపక్కల వాళ్లు ఎవరైనా రండి. వచ్చేవాళ్లు ముందే చెప్తే ఉప్మా దానికి తగ్గట్టు చేస్తాను.

కూకట్‌పల్లి_లాంగ్‌హార్న్
లైవ్ ఎక్కడ వస్తుందో ఇంకా ఎవరూ చెప్పలేదు.